మూడేళ్ళు పళ్ళెం కర్ర పట్టుకుని తిరిగాక

మడిలో మేత ఎంతుందో కొలిచే ఈ పరికరాన్ని మొదటి ఏడాది నేను ఎంత పొగిడానో గుర్తున్నవాళ్ళు ఇది చదివి నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు.

దొడ్డబళ్ళాపురం దాటాక మాకు నాలుగెకరాల్లో రోడ్స్ అనే మేత గడ్డి, ఆరు ఆవులు ఉన్నాయి. వారమంతా మారతహళ్ళిలో ఉద్యోగం, శనివారం తోట. న్యూజిలాండ్‌లో హామిల్టన్ దగ్గర పాడి ఫారంలో పనిచేసే మా బావమరిది ఈ రైజింగ్ ప్లేట్ మీటర్ తెచ్చిచ్చాడు. కర్ర నేలకు ఆనిస్తే దానికి జారేలా ఉన్న పళ్ళెం గడ్డి మీద ఆగుతుంది. ఎంత ఎత్తున ఆగిందో అర సెంటీమీటర్ల లెక్కన లోపల నమోదవుతుంది. మడంతా వంకరటింకరగా నడిచి నలభై చోట్ల ఆనిస్తే, హెక్టారుకు ఇన్ని కిలోల ఎండు మేత అని తెర మీద అంకె. ఆ అంకె చూస్తే నాకు జీతం మెసేజ్ వచ్చినంత సంతోషంగా ఉండేది.

ఆ అంకే ముంచింది.

అక్టోబరు, వానలు వెనకబట్టాయి, గడ్డి పూతకొచ్చింది. ఇరవై గుంటల (అర ఎకరం) మడిలో సగటు ఎత్తు 16 అర సెంటీమీటర్లు వచ్చింది, తెర మీద హెక్టారుకు 2740 కిలోలు. గడ్డి మొదళ్ళ దగ్గర హెక్టారుకు 1200 వదిలేయాలి కాబట్టి ఆవులు తినగలిగేది మడి మొత్తానికి మూడొందల కిలోలు. రోజుకు అరవై చొప్పున ఐదు రోజులు. "గురువారం మడి మార్చు తాతా" అన్నాను. మా పశువులు చూసుకునే పెద్దాయనది బాగేపల్లి వైపు. మడిలోకి దిగి మడమతో రెండు చోట్ల తొక్కి, "అన్నీ కాడలే సామీ, ఆకేదీ?" అన్నాడు. నేను తెర చూపించాను. ఆయన తల గోక్కుని ఊరుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్. "సామీ, మడి బోడయిపాయ. ఆవులు కంచె కాడ నిలబడి అరస్తాండాయి. మీరు గురువారం అంటిరి కదా అని ఆగినా." రాగి గడ్డి వేసి సర్దాడు గానీ, మంగళవారానికి పాలు 46 లీటర్ల నుంచి 39కి పడ్డాయి. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడు గానీ కూడా వచ్చిన చిన్న పుస్తకం తెరవలేదు. సగటును 140తో హెచ్చవేసి 500 కలపాలని అందులో ఉంది. ఆ లెక్క న్యూజిలాండ్ వాళ్ళ రై గడ్డిది, క్లోవర్ అనే మేత మొక్క కలిసినది. మెత్తటి ఆకు, ఒత్తుగా పరిచినట్టుండే పచ్చిక. మన రోడ్స్ గడ్డి పూతకొస్తే కాడలు బిగుసుకుని గొడుగు కడ్డీల్లా పళ్ళేన్ని మోస్తాయి, కింద ఖాళీ. మీటర్ కొలిచింది ఎత్తునే, మేతను కాదు.

తర్వాతి శనివారం ప్లాస్టిక్ పైపుతో ఒక్కో వైపు అర మీటరు ఉండే చదరం చేసి, పక్క మడిలో, అదీ 16 చూపించిన చోటే, మూడు చదరాలు మొదలంటా కోశాను. చదరానికి సగటున 152 గ్రాముల పచ్చిగడ్డి. అందులో నూరు గ్రాములు సన్నగా తరిగి, ఇంట్లో మైక్రోవేవ్‌లో ఓ మూల గ్లాసుడు నీళ్ళు పెట్టి, రెండేసి నిమిషాలు తిప్పుతూ, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాను. (ఒకసారి మాడింది. వారం పాటు కాఫీకి గడ్డివాసన. ఆ మైక్రోవేవ్ ఇప్పుడు తోటలోనే ఉంది, ఇంటికి కొత్తది కొనాల్సొచ్చింది.) మిగిలింది 25 గ్రాములు. అంటే చదరానికి 38, హెక్టారుకు 1520. తెర చెప్పిన 2740 ఎక్కడ, ఇదెక్కడ!

అప్పట్నుంచి పల్చగా ఉన్నచోటా ఒత్తుగా ఉన్నచోటా కోస్తూ, తూస్తూ నోటుబుక్కులో గీత గీసుకున్నాను. పూతలో ఉన్న నా గడ్డికి 90తో హెచ్చవేసి 100 కలిపితే దగ్గరగా వస్తోంది. లేత ఆకు మీద హెచ్చవేత వేరు. మంచు ఆరకముందు కొలిస్తే అదీ తప్పుతుంది. పెద్దాయన మడమ లెక్కకూ నా లెక్కకూ ఇప్పుడు ఒక పూట తేడా వస్తుంది, అంతే. ఎవరిది సరైందో చాలాసార్లు ఆవులే తేలుస్తాయి, అదీ ఎక్కువగా ఆయన వైపే.

మరి కొనొచ్చా అంటే, నాలాగా వారానికోసారి తోట చూసేవాళ్ళయితే, కోసి తూచే ఓపిక ఉంటే, సరే. ఒక మడికీ ఇంకో మడికీ, ఈ వారానికీ పోయిన వారానికీ పోల్చడానికి నిజంగా పనికొస్తుంది, ఆ మాట వెనక్కి తీసుకోను. నేపియర్ గడ్డి కోసి కొట్టంలో వేసేవాళ్ళకు మాత్రం దీంతో పనేలేదు. మనిషెత్తు గడ్డి మీద పళ్ళెం ఏం ఆగుతుంది? ఒక చదరం పైపు, కొడవలి, త్రాసు చాలు. నాకు ఇది ఊరికే వచ్చింది, డబ్బు పెట్టి కొనుంటే ఇంత శాంతంగా రాసేవాణ్ణో లేదో. మా పెద్దాయన వచ్చే ఏడు ఊరికి వెళ్ళిపోతానంటున్నాడు. అందుకే ఈ నెల నుంచి ప్రతి మడిలో నేను ఆనించే ముందు ఆయన్ని తొక్కి చెప్పమని, ఆ మాట కూడా నోటుబుక్కులో పక్కనే రాసుకుంటున్నాను.