265 టైర్లు, 40 మిల్లీమీటర్ల లిఫ్టు, ఐదేళ్ల చెరువు గట్లు

మాకు మొగల్తూరు పక్కన రొయ్యల చెరువులు ఉన్నాయి. ఇంటి నుంచి చెరువు దాకా పదకొండు కిలోమీటర్లు, అందులో చివరి మూడూ గట్టే. ఎండాకాలం ఆ గట్టు సిమెంటు రోడ్డుతో సమానం. ఒక్క వాన పడితే మాత్రం బంకమన్ను చెప్పులకి అంటుకుని మనిషి రెండంగుళాలు పొడుగవుతాడు. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడులు పడతాయి, మధ్యలో మట్టి వీపులా లేస్తుంది. 2018లో కొన్న నా ఇసుజు వి-క్రాస్ పికప్పు వానాకాలమంతా ఆ వీపు మీద వెనక డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలో వేలాడే గేర్ల గుండు) ఈడ్చుకుంటూనే తిరిగేది. రెండుసార్లు పొట్ట మట్టిలో ఆనించి, చక్రాలు ఊరికే తిప్పుకుంటూ కూర్చుంది. రెండుసార్లూ ట్రాక్టరుతో లాగించాం. రెండోసారి తాడు కట్టిన కుర్రాడు "ఇంత బండికీ ట్రాక్టరేనా అండీ" అన్నాడు. అదిగో, అక్కడ పుట్టింది ఈ లిఫ్టు పిచ్చి, అంటే సస్పెన్షన్ మార్చి బండి ఎత్తు పెంచే పిచ్చి.

ఇది ఐదేళ్లు, డెబ్బై వేల కిలోమీటర్లు వాడాక రాస్తున్నది. లిఫ్టు కిట్టు ఏ కంపెనీదని అడక్కండి. స్ప్రింగు మీ బరువుకి సరిపోకపోతే ఏ కంపెనీదైనా ఒకటే.

ముందు నా తప్పు చెప్తాను. 2019లో ఒక సిటీలో బండ్లు ముస్తాబు చేసే షాపుకి తీసుకెళ్లాను. రెండు గంటల్లో పని అయిపోతుందన్నారు, అయిపోయింది కూడా. ముందు స్ట్రట్ల (స్ప్రింగూ షాకూ కలిసిన కడ్డీలు) పైన ముప్పై మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే దిమ్మలు, వెనక కమాన్లకి (పట్టీ స్ప్రింగులు) పొడుగు షాకిళ్లు, అంటే కమాను కొసని ఛాసిస్‌కి వేలాడదీసే లింకులు, నాలుగు చక్రాలకీ 265/75 ఆర్16 (265 మిల్లీమీటర్ల వెడల్పు) టైర్లు వేసి పంపారు. బండి చూడ్డానికి పొట్టేలులా నిలబడింది. ఇంటికి వచ్చేదాకా మురిసిపోయాను.

స్పేసరు సంగతి నాకు తర్వాత అర్థమైంది. స్ట్రట్ కింది కొస చక్రం దగ్గర ఉండదు, చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకని పైన ముప్పై పెడితే చక్రం దగ్గర దాదాపు అరవై తేలుతుంది. వెనక షాకిల్‌ది దీనికి తిరగబడ్డ లెక్క: యాభై పొడుగు పెంచితే బండి లేచేది పాతికే. ముందు అరవై లేచేసరికి చక్రానికి కిందికి దిగే చోటు మిగల్లేదు. చిన్న గుంటలో పడ్డా స్ట్రట్ కొస దాకా సాగి 'టక్' మనేది. ముందు చక్రాల్ని తిప్పే డ్రైవ్ షాఫ్టులు ఏటవాలుగా వంగాయి. ఏడు నెలలకి కుడివైపు షాఫ్టు జాయింటు మీది రబ్బరు బూటు చిరిగి, చక్రం లోపలంతా గ్రీజు చిమ్మింది. ఆ చిరుగులోంచి ఉప్పుమట్టి జాయింటులోకి పోయింది. ఇంక దాని గురించి చెప్పేదేముంది.

మా భీమవరం మెకానిక్ బండిని సర్వీసు ర్యాంపు మీదకి ఎక్కించి, టార్చి వేసి చూసి అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేదు: "బండిని పొడుగు చెయ్యలేదండీ, స్టూలు ఎక్కించారు."

ఆయనే నాకు టేపు చేతికిచ్చి, వెనక డిఫరెన్షియల్ కింద నుంచి నేల దాకా కొలవమన్నాడు. అక్కడే నా కళ్లు తెరుచుకున్నాయి. వెనక యాక్సిల్ చక్రాల మధ్య కడ్డీలా బిగిసి ఉంటుంది. కమాన్లు ఎంత ఎత్తు పెంచినా లేచేది యాక్సిల్ పైన ఉన్న బాడీ. యాక్సిల్ లేవాలంటే టైరు పెద్దదవ్వాలి, అంతే. నా బండితో వచ్చిన 245/70 ఆర్16 టైరు ఎత్తు సుమారు 749 మిల్లీమీటర్లు. 265/75 ఆర్16 ఎత్తు 804. తేడా 55, దాంట్లో సగం కింద, సగం పైన. అంటే గట్టు వీపుకి తగిలే డిఫరెన్షియల్ లేచింది 27 మిల్లీమీటర్లు. నేను స్పేసర్లకీ షాకిళ్లకీ పోసిన డబ్బు ఆ చోట ఒక్క మిల్లీమీటరు కూడా పెంచలేదు.

మరి లిఫ్టు ఎందుకంటారా? పెద్ద టైరుకి చోటు కోసం. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. బండి రోడ్డు మీద నిలబడి ఉన్నప్పుడు చోటు కనిపిస్తుంది, నిజమే. కానీ గుంటలో పడి సస్పెన్షన్ పూర్తిగా అణిగితే, బంప్ స్టాప్ (సస్పెన్షన్ ఇంకా అణగకుండా ఆపే రబ్బరు దిమ్మ) పాతదే అయితే, చక్రం వచ్చి ఆగేది పాత చోటే. అప్పుడు లిఫ్టు ఉన్నా లేనట్టే. మా మెకానిక్ దీన్ని చూపించిన తీరు బాగుంది. ముందు స్ట్రట్ పూర్తిగా ఊడదీశాడు. చక్రం ఉత్తగా బిగించి, కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి బంప్ స్టాప్ తగిలేదాకా లేపాడు. అప్పుడు స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పమన్నాడు. టైరు వెనక అంచు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనరుకీ, దాని వెనక ఉన్న రేకు అతుకుకీ గట్టిగా రాసుకుంది. నేను ఇన్నాళ్లూ 'గర్' మనే చప్పుడు బేరింగుదనుకున్నాను. లైనరు కొంచెం కోసి, రేకు అతుకుని సుత్తితో వెనక్కి మడిచి, పెయింటు కొట్టాం. అరగంట పని. పెయింటు మాత్రం మర్చిపోకండి, మా నేలలో పచ్చి రేకు రెండు నెలలు కూడా ఆగదు.

రిమ్ములు మార్చలేదు. బయటికి పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ములు వేస్తే టైరు తిరిగే వలయం ఇంకా పెద్దదై, మడ్‌గార్డుకి ఇంకా ఎక్కువ తగులుతుంది. పైగా పక్కన నడిచేవాళ్ల మీదకి బురద చిమ్ముతుంది. మా ఊళ్లో ఆ తగువు నాకెందుకు.

2020లో స్పేసర్లూ పొడుగు షాకిళ్లూ పీకేసి అసలు కిట్టు వేయించాను: ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక పూర్తి కమాను కట్టలు, నాలుగు షాకులు (షాక్ అబ్జార్బర్లు), ముందు చక్రాల్ని పైనుంచి పట్టుకునే పై ఆర్ములు. ముందు 40, వెనక 40 మిల్లీమీటర్ల లిఫ్టు. ఇంతకంటే ఎక్కువకి పోతే డ్రైవ్ షాఫ్టుల గొడవ మళ్లీ మొదలవుతుందని భయపడ్డాను, ఆ భయమే మేలు చేసింది. ఐదేళ్లలో బూటు మళ్లీ చిరగలేదు.

స్ప్రింగు ఎంచుకోవడం దగ్గరే ఎక్కువ బుర్ర పెట్టాలి. వెనక కమాన్లు రెండు రకాలు చూపించారు. ఒకటి ఖాళీ బండికీ, అప్పుడప్పుడు వేసే బరువుకీ. రెండోది ఎప్పుడూ మూడొందల కిలోలు మోసే బండికి. మా బావ "ఎక్కువ మోసేదే తీసుకోరా, రేపు పనికొస్తుంది" అన్నాడు. ఆయన మాట వినకుండా ఐసు ఫ్యాక్టరీ దగ్గర కాటాకి పోయాను. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి ఎక్కించి తూచాను. ఖాళీగా ఒకసారి, నా రోజువారీ బరువుతో ఒకసారి. నా రోజువారీ అంటే ఎనిమిది మేత బస్తాలు, బస్తా పాతిక కిలోలు, రెండొందలు. అది కూడా ఒకవైపే. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ. సగం జీవితం ఖాళీగా తిరిగే బండికి మూడొందల కమాను వేస్తే గాడుల్లో వెనక చక్రం ఎగురుతుంది, ఎగిరిన చక్రానికి పట్టు ఉండదు. అదే సంగతి బావ బండిలో చూశాను. ఆయన బరువు రకమే వేయించుకున్నాడు. ఇప్పుడు ఖాళీ బండి నడపాలంటే వెనక నాలుగు ఇసుక బస్తాలు వేసుకుని తిరుగుతున్నాడు. అన్నానని అనుకోకపోతే, అదొక తమాషా.

ముందు స్ప్రింగుకీ ఇదే లెక్క. కిట్లలో ఇనప బంపరు ఉన్న బండికి ఒక రకం గట్టి స్ప్రింగు, లేని బండికి ఒక రకం తేలిక స్ప్రింగు ఉంటుంది. 2017 చివర్లో కేంద్రం క్రాష్ గార్డులు, అంటే ఈ ఇనప బంపర్లు, చట్టవిరుద్ధమని చెప్పాక నేను పెట్టలేదు. కాబట్టి తేలిక రకం. బంపరు లేకుండా బంపరు స్ప్రింగు వేస్తే ముక్కు పైకెత్తి నిలబడుతుంది, 40 అనుకున్నది 60 అయి కూర్చుంటుంది.

పై ఆర్ములు అనవసర ఖర్చని మొదట వాదించాను. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, అందుకే చేతులు వదిలినా తిన్నగా పోతుంది. బండి ముందు చక్రాలకీ అలాంటి వాలే ఉంటుంది, క్యాస్టర్ అంటారు. లిఫ్టు చేస్తే అది తగ్గుతుంది. స్పేసర్ల రోజుల్లో 216 జాతీయ రహదారి మీద దిండి వైపు వెళ్తూ చించినాడ వంతెన ఎక్కితే, వశిష్ఠ గోదావరి మీద నుంచి వచ్చే పక్కగాలికి బండి తాగినవాడిలా ఊగేది. స్టీరింగు తిప్పాక దానంతటది తిన్నగా వచ్చేది కాదు. కొత్త ఆర్ములు వేసి, అలైన్‌మెంట్ చేయించాక మొదటిసారి ఆ వంతెన దాటినప్పుడు ఒక చేత్తో నడిపాను. డబ్బు తక్కువైతే షాకుల్లో తగ్గించుకోండి, ఆర్ముల్లో వద్దు.

షాకుల్లో ఎందుకు తగ్గించుకోవచ్చంటే, పక్కన గ్యాసు డబ్బా వేలాడే ఖరీదైన రకాలు గంటల తరబడి గతుకుల మీద వేగంగా పోయేవాళ్లకి. అలాంటి చోట షాకు లోపల నూనె కాగి, నురగ కట్టి, పట్టు పోతుంది. మన గట్టు మీద స్పీడు పదిహేను. షాకు వేడెక్కేలోపు చెరువు వచ్చేస్తుంది. మామూలు ట్విన్ ట్యూబు రకం వేశాను, నాలుగూ ఇంకా కారలేదు. పై తొడుగుల మీద పెయింటు మాత్రం ఉప్పుకి పొలుసులు లేచింది. ఏడాదికోసారి గీకి, రంగు పూస్తున్నాను.

బుష్‌ల విషయంలో ఫిర్యాదు ఉంది. కమాన్లతో వచ్చిన పాలీయూరిథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లు, అంటే కమాను కొసల్లో పెట్టే మెత్తటి గొట్టాలు, బురద పొడి చేరగానే కిచకిచలాడాయి. తెల్లవారుజామున చెరువు దగ్గరికి వెళ్తుంటే కాపలా మనిషికి నేను కిలోమీటరు దూరంలో ఉండగానే తెలిసిపోయేది. షాకిల్ పిన్నుల్లో గ్రీజు నిపుల్ ఉంది కాబట్టి బతికాం. నెలకోసారి గన్నుతో కొడితే చప్పుడు ఉండదు, ఒక నెల ఎగ్గొడితే మళ్లీ మొదలు. మామూలు రబ్బరు బుష్ అయితే త్వరగా అరుగుతుంది, కానీ నోరు మూసుకుని అరుగుతుంది. ఇంకోటి, కమాన్లు వేయించాక మొదటి వెయ్యి కిలోమీటర్లలో కమాన్లని యాక్సిల్‌కి బిగించే యూ-బోల్టులు తప్పకుండా మళ్లీ బిగించుకోండి. నావి దాదాపు ముప్పావు చుట్టు వదులయ్యాయి.

ఇక టైరు. ఆల్ టెర్రెయిన్ రకం వాడుతున్నాను. కంకర మీదా, ఇసుక మీదా, అంతర్వేది బీచి దారిలోనూ వంక పెట్టలేం. బంకమన్నులో మాత్రం నాలుగు చుట్లు తిరిగేసరికి గాళ్లన్నీ నిండి, టైరు రోకలిబండలా నున్నగా అయిపోతుంది. గాలి 22 పీఎస్ఐకి దించితే కొంత నయం. మడ్ టెర్రెయిన్ వేస్తే మట్టి విదిలించుకుంటుంది కానీ, తారు రోడ్డు మీద మోత భరించలేం. అసలు భయం ముందుకు పోకపోవడం కాదు, పక్కకి జారడం. గట్టుకి రెండు పక్కలా నీళ్లే. లిఫ్టు చేశాక బండి బరువు పైకి పోయింది, వాలు మీద అది ఒంటికి తెలుస్తుంది. అందుకే భారీ వాన పడ్డ రోజు పెద్ద టైర్లు ఉన్నా సరే, బండి రోడ్డు మీద ఆపి నడిచే వెళ్తున్నాను. నవ్వుకోండి.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. మీటరు 60 చూపిస్తే అసలు స్పీడు 64. అదే లెక్కన మీటరు వంద తిరిగితే నిజంగా నడిచింది నూట ఏడు. మైలేజీ 12.5 నుంచి 10.8కి పడిందని ఒక నెల ఏడ్చి, తర్వాత ఈ ఏడు శాతం కలిపి చూస్తే 11.6 తేలింది. సగం ఏడుపు తగ్గింది. బరువైన టైరుకి బ్రేకు కొంచెం ముందే తొక్కాలి. ఫ్లైఓవరు మీద ఐదో గేరు ఇదివరకటి కంటే ముందే దించాలి. కంపెనీ స్పెసిఫికేషనుకి విరుద్ధంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే నొక్కి చెప్పింది. క్లెయిము రోజున ఇన్సూరెన్సువాళ్లు ఈ మాటే ఎత్తొచ్చు. చెయ్యబోయేవాళ్లు ఇది తెలిసి చెయ్యండి, నేను తెలియకుండా చేశాను.

అన్నిటికంటే నాకు ముందు తట్టనిది వెనక డాలా (సరుకు వేసే తొట్టి) ఎత్తు. కిట్టు 40, టైరు 27, కలిపి రెండున్నర అంగుళాల పైమాటే. మా అమ్మ ఎక్కడానికి సీటు కింద చిన్న పీట పెట్టుకుంటుంది, అది సరే. మేత ఎక్కించే కుర్రాడు మొదటి రోజే "అటక మీదకి ఎక్కిస్తున్నట్టుందండీ" అన్నాడు. రోజుకి ఎనిమిది బస్తాలు, ఐదేళ్లు. నాకు గట్టు మీద కలిసొచ్చిన ఎత్తు అతని నడుముకి ఖర్చు.

రెండో సెట్టు టైర్లు అరిగిపోవచ్చాయి. ఈసారి రొయ్యల పట్టుబడి అయ్యాక 265/70 ఆర్16కి దిగుదామనుకుంటున్నాను. దాని ఎత్తు 777. బండితో వచ్చిన టైరు కంటే డిఫరెన్షియల్ 14 మిల్లీమీటర్లు పైనే ఉంటుంది, బ్రేకూ గేరూ కొంచెం తేలికపడతాయి, లైనరుకి అస్సలు తగలదు. కుర్రాడికి మొన్న సంతోషంగా చెప్పాను, డాలా ఎత్తు తగ్గుతుందిరా అని.

"ఎంతండీ?"

"అరంగుళం."

వాడు నా మొహం వైపు ఒకసారి చూసి, షెడ్డు వెనక నుంచి రెండు సిమెంటు ఇటుకలు తెచ్చి డాలా వెనక వేసుకుని, వాటి మీద నిలబడి బస్తా అందుకున్నాడు.