నేను కూడా చెరపలేను, అందుకే ఇంకా డిస్కులే

పన్నెండేళ్లకు పైగా ఫోటోలూ పాత ఫైళ్లూ డీవీడీ-ఆర్‌లలో రాసి దాచుకుంటున్నాను. "ఇంకా డిస్కులేంటి" అని నవ్వేవాళ్లకి నాది ఒకటే మాట, ఒకసారి రాశాక దాన్ని నేను కూడా చెరపలేను.

దాని విలువ పోయినేడు తెలిసొచ్చింది. రెండు హార్డ్ డిస్కుల మధ్య ఫోల్డర్లు సింక్ చేస్తూ, ఏది అసలు ఏది కాపీ అన్నది తిరగేసి పెట్టాను. ఖాళీ ఫోల్డరు వచ్చి నిండు ఫోల్డరుని మింగేసింది, 2013 ఫోటోలు రెండు చోట్లా మాయం. అల్మారా వెతికి ఆ ఏడాది డిస్కు తీశాక గానీ ఊపిరి ఆడలేదు.

టెన్షన్ మాత్రం అక్కడితో పోలేదు. ముప్పావు వంతు దాకా హాయిగా కాపీ అయి, ఆపైన డ్రైవ్ గురగురలాడి ఆగిపోయింది. డీవీడీలో డేటా లోపలి నుంచి అంచు వైపుకి రాసుకుంటూ పోతుంది, పాడవడం తరచుగా అంచు దగ్గరే మొదలవుతుంది, అంటే నిండా నింపిన డిస్కులో ముందు పోయేది చివర రాసిన ఫైళ్లే. నేనేమో ఎంబీ కూడా వదలకుండా కుక్కిన రకం. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడిచాను (గుండ్రంగా తుడవకండి, గీత పడితే ట్రాక్ వెంబడే పడుతుంది), లాభం లేదు. చివరికి మూలనపడ్డ పాత కంప్యూటర్ ఆన్ చేసి, అందులోని డ్రైవ్‌లో పెట్టి, డీడీరెస్క్యూ (పాడైన డిస్కుల నుంచి చదవగలిగినంతా లాగే ప్రోగ్రామ్) నడిపి రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి పదకొండు ఫోటోలు తప్ప అన్నీ వచ్చాయి! కొత్త డ్రైవ్ చేతులెత్తేసిన డిస్కుని పాతది చదివింది.

రాసిన వెంటనే వెరిఫై చేస్తే, అంటే డిస్కుని తిరిగి చదివి అసలు ఫైళ్లతో సరిచూస్తే, చాలని చాలామందికి చెప్పినవాణ్ని నేనే. ఈ డిస్కు కూడా ఆ రోజు వెరిఫైలో పాసైందే. డేటా నిలిచి ఉండే లోపలి రంగు పొర, అదే డై, తర్వాత మెల్లగా చెడితే ఆ పాస్ ఏం చేస్తుంది? ఇప్పుడు ఏడాదికోసారి అన్నీ చదివి చూస్తున్నాను, అంచున కాస్త ఖాళీ వదులుతున్నాను. ముఖ్యమైనవి 25 జీబీ బ్లూరేలకి మార్చాను, ఎల్‌టీహెచ్ రకం మాత్రం కొనను, వాటిలోనూ అదే సేంద్రియ డై.

నావన్నీ కలిపినా 200 జీబీ దాటవు, వీడియోలు తీసే అలవాటు లేదు, కాబట్టి నాకు సరిపోతోంది. రోజూ వీడియోలు తీసేవాళ్లయితే డిస్కులు మార్చీ మార్చీ విసిగిపోతారేమో. ఆ పాత డ్రైవ్‌ని మాత్రం ఊడదీసి, గుడ్డ చుట్టి, డిస్కుల పక్కనే పెట్టుకున్నాను.