పడవ కిరాయికి పది అరటిపండ్లు: ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో ఒక జాలరి

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పాత్రగా బతకాలనే కోరికకూ, ఆ పాత్ర లెవెల్ పెంచాలనే తొందరకూ ఎప్పుడూ పొత్తు కుదరదు. తోడేళ్లను చంపితే వచ్చిన పాయింట్లతో వంట బాగా నేర్చుకునే ఆటలు కొన్ని ఆడి విసిగిపోయాక, రెండేళ్ల క్రితం ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌ను ఫోనులో మొదలుపెట్టాను. జాగెక్స్ సంస్థ 2007 నాటి రూన్‌స్కేప్ రూపాన్ని 2013లో మళ్లీ ఆడటానికి ఇచ్చింది, 2018లో దాన్ని ఫోన్లకు తెచ్చింది. విశాఖ ఫిషింగ్ హార్బరుకు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో పెరిగినవాణ్ణి కాబట్టి, ఇందులో కత్తి పట్టకుండా వల పట్టి బతకవచ్చునని తెలియగానే నా పాత్ర ఎవరో తేలిపోయింది.

ఈ ఆటలోని గొప్పతనమంతా ఒక్క నియమంలో ఉంది: ఏ పని చేస్తే ఆ పనిలోనే ఎదుగుతాం. ఆట నేర్పే మొదటి పనుల్లోనే చిన్న వలతో రొయ్యలు పట్టి నిప్పు మీద కాల్చుకోవడం ఉంటుంది. రొయ్యకు 10 అనుభవ పాయింట్లు, 40వ లెవెల్‌లో పట్టగలిగే లాబ్‌స్టర్‌కు 90, 50వ లెవెల్‌లో ఈటెతో కొట్టే కత్తిచేపకు 100. మన హార్బరులో కొమ్ముకోనాం దింపడం చూసినవారికి ఆ కత్తిచేప వెంటనే గుర్తొస్తుంది. ఈ లెక్కలో యుద్ధం ఎక్కడా లేదు. ఒక్క శత్రువునూ చంపకుండా చేపల వేటలో అత్యున్నతమైన 99వ లెవెల్ చేరవచ్చు, కాబట్టి ఎదుగుదల కోసం నా జాలరి తన స్వభావాన్ని వదులుకోవలసిన అవసరం రాదు.

ఒక రాత్రి జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. లాబ్‌స్టర్లు దొరికే కరంజా దీవికి పోర్ట్ సారిమ్ రేవు నుంచి పడవ కిరాయి 30 నాణేలు, తిరిగి రావడానికి మరో 30. తిరుగు కిరాయి ఉంచుకోవడం మరచిపోయి వెళ్లాను. సంచిలో 28 గళ్లుంటాయి. ఒక గడిలో బుట్ట, 26 గళ్లలో లాబ్‌స్టర్లు, మిగిలింది ఒకే ఒక్క ఖాళీ గడి. సరుకు అంతా నాదే, పడవ ఎక్కడానికి మాత్రం చేతిలో చిల్లిగవ్వ లేదు. పక్కనే ఉన్న అరటితోట యజమాని పెట్టెలో 10 పండ్లు నింపితే 30 నాణేలు కూలి ఇస్తాడు. ఖాళీగా ఉన్న ఆ ఒక్క గడిలో ఒక్కొక్క పండు కోసి తెచ్చి, పెట్టెకూ చెట్టుకూ మధ్య పదిసార్లు తిరిగి, ఆ కూలి డబ్బుతో ఇల్లు చేరాను. ఆ పావుగంటలో నా చేపల వేట లెవెల్ ఒక్క పాయింటు కూడా పెరగలేదు, కానీ నా జాలరి నాకు నిజమైన మనిషిగా కనిపించింది ఆ రాత్రే.

అయితే లెక్క మరోవైపు లాగుతుంది. 99వ లెవెల్‌కు 1,30,34,431 పాయింట్లు కావాలి, అంటే లాబ్‌స్టర్లతోనే చేరాలంటే దాదాపు 1,44,800 లాబ్‌స్టర్లు పట్టాలి. 92వ లెవెల్ చేరేసరికి దారి సగమే పూర్తవుతుంది. ఈ అంకెలు చూసిన ఎవరికైనా గంటకు ఎన్ని పాయింట్లు వస్తాయన్న ఆలోచన తప్పదు. మా తమ్ముడు అదే కొలతతో ఆడతాడు, వాడి ఆనందం వాడిది, దాన్ని నేను తప్పుపట్టను. నేను మాత్రం తెర మీద పాయింట్లు తేలే సదుపాయాన్ని ఆపివేశాను. అప్పుడప్పుడు జీనీ వచ్చి, కోరిన నైపుణ్యంలో పాయింట్లు ఇచ్చే దీపం చేతిలో పెడతాడు, దాన్ని పారవేస్తాను. మన తీరంలో మరపడవలకు వేట నిషేధం ఉండే 61 రోజులూ, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, నా జాలరి కూడా నీటి దగ్గరకు వెళ్లడు. కట్టెలు కొట్టి అమ్ముకుంటాడు. ఇవన్నీ నేను పెట్టుకున్న కట్టుబాట్లు. ఆటకు వాటి ఊసే తెలియదు.

నాకున్న పెద్ద అసంతృప్తి కూడా ఇదే. 2014లో వచ్చిన ఐరన్‌మ్యాన్ పద్ధతి ఇతరులతో ఇచ్చిపుచ్చుకోవడం నిషేధించి, స్వయంకృషిని అధికారికంగా గుర్తిస్తుంది. కానీ అమ్ముకోవడానికి మనిషి లేని చోట జాలరి ఎలా ఉంటాడు? తెల్లవారుజామున హార్బరులో వేలం పాట, బుట్టలతో నిలబడి ధర తెగ్గొట్టే ఆడవాళ్లు, ఆ బేరంలోనే కదా ఆ వృత్తికి ప్రాణం ఉన్నది. మామూలు ఖాతా తీసుకుంటే 2015 నుంచి ఉన్న గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే ఉమ్మడి అంగడిలో ధర రాసి వదిలేస్తే ముఖం తెలియనివారు కొనేస్తారు. ఒకదానిలో మనిషి లేడు, రెండవదానిలో మాట లేదు. అందుకే నేను మామూలు ఖాతాతోనే ఉంటూ, రేవులో ఎదురైనవారికి మాత్రమే అమ్ముతున్నాను. అమ్మకం తక్కువే, కానీ మాటలు దొరుకుతాయి.

క్వెస్టుల విషయంలో, అంటే ఆట మనకు అప్పగించే కథల విషయంలో, నా అభిప్రాయం క్లుప్తమే. కథలు హాస్యంగా, ముచ్చటగా ఉంటాయి, కానీ మన పాత్ర చెప్పవలసిన మాటలను ముందే రాసిపెట్టారు. నెమ్మదస్తుడైన నా జాలరి నోట వెటకారం పలికినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పాత్ర గొంతు పదిలంగా ఉండాలనుకునేవారు క్వెస్టులను ఏరుకుని చేయడం మంచిది.

డబ్బు పెట్టే ముందు ఉచిత భాగాన్ని పూర్తిగా ఆడి చూడండి. రొయ్యల నుంచి కత్తిచేప దాకా, కరంజా పడవతో సహా, అన్నీ అందులోనే ఉన్నాయి. 76వ లెవెల్‌లో పట్టే సొరచేపకు సభ్యత్వం కావాలి. నా జాలరి ప్రస్తుతం 61లో ఉన్నాడు, నిషేధం ముగిశాక మళ్లీ బుట్ట తీసుకుని కరంజా వెళతాడు, ఈసారి 60 నాణేలతో.