పారఫిన్, సోయా, తేనెమైనం: ఇంటి గాలికి ఏ కొవ్వొత్తి మేలు?

కొవ్వొత్తి అన్న మాటలోనే కొవ్వు ఉంది. ఒకప్పుడు పశువుల కొవ్వుతో చేసిన వత్తికి ఆ పేరు వచ్చి, వస్తువు మారినా పేరు అలాగే నిలిచిపోయింది. ఇప్పుడు కిరాణా కొట్లో దొరికే తెల్ల కొవ్వొత్తిలో ఉండేది ముడిచమురు శుద్ధిలో వచ్చే పారఫిన్ మైనం. కరెంటు పోయినప్పుడు తలుపులు తీసిన ఇంట్లో అరగంట సేపు వెలిగించేందుకు అది చాలు, దాని గురించి బెంగపడనక్కరలేదు. ఏసీ కోసం కిటికీలన్నీ మూసిన పడకగదిలో రోజూ గంటల తరబడి సువాసన కొవ్వొత్తి వెలిగించేవారు, అందులోనూ పసిపిల్లలో ఉబ్బసం ఉన్న పెద్దలో ఉన్న ఇంటివారు మాత్రం ఏది కొంటున్నదీ చూసుకోవాలి.

పారఫిన్ మీద ఫిర్యాదు కొత్తది కాదు. 2009లో అమెరికాలోని సౌత్ కెరొలైనా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రజ్ఞులు పారఫిన్ కాలినప్పుడు టోలుయీన్ వంటి హానికర ఆవిర్లు వచ్చాయనీ, సోయా కొవ్వొత్తుల్లో అవి కనిపించలేదనీ ఒక సదస్సులో ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందు జర్మనీలో జరిగిన పరీక్షలో మైనాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది, అయితే దాని ఖర్చు భరించింది కొవ్వొత్తుల పరిశ్రమే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సోయాకు కొంత మొగ్గు ఇవ్వవచ్చు గాని, పారఫిన్‌ను విషమనీ సోయాను అమృతమనీ అనడానికి ఆధారం చాలదు. పైగా సోయా పేరుతో అమ్మేవాటిలో పారఫిన్ కలిపినవీ ఉంటాయి కనుక, లేబుల్ మీద పూర్తిగా సోయా అని ఉందో లేదో చదవాలి. సోయా మైనం త్వరగా కరుగుతుంది. మన మే నెల ఎండలకు మెత్తబడిపోతుంది కాబట్టి గాజు పాత్రలో పోసినదే నయం.

తేనెమైనం దాదాపు 62 నుంచి 64 డిగ్రీల వద్ద కరుగుతుంది, గట్టిగా నిలుస్తుంది, సహజంగానే కమ్మని వాసన ఉండడం వల్ల వేరే అత్తరు అక్కరలేదు. ధర మాత్రం ఎక్కువ. అది గాలిని శుభ్రం చేస్తుందని అమ్మేవాళ్లు చెప్పే మాటను నమ్మవద్దు. వెలిగే మంట ఏదైనా గాలికి ఎంతో కొంత మసిని చేరుస్తుందే తప్ప ఉన్నదాన్ని తీసివేయదు.

నన్నడిగితే, మైనం కంటే మంట నిలకడే పెద్ద విషయం. మంట కదలకుండా వెలిగితే మైనపు ఆవిరి చాలా వరకు పూర్తిగా కాలుతుంది. మంట ఊగినప్పుడు కాలకుండా మిగిలిన కర్బనం నల్లటి మసిగా లేస్తుంది. మన ఇళ్లలో నెత్తిన ఎప్పుడూ తిరిగే సీలింగ్ ఫ్యాను కింద ఖరీదైన తేనెమైనపు కొవ్వొత్తి పెట్టినా గాజు అంచు నల్లబడుతుంది, గాలి తగలని మూల పెట్టిన మామూలు కొవ్వొత్తి దానికంటే శుభ్రంగా వెలుగుతుంది. వత్తి పొడవైనా ఇదే చిక్కు వస్తుంది, అందుకే వెలిగించే ముందు ప్రతిసారీ దాన్ని 6 మిల్లీమీటర్ల దాకా కత్తిరించాలి. వత్తి నూలుదై ఉండాలి. సీసపు తీగ ఉన్న వత్తులను అమెరికా 2003లో నిషేధించింది; మధ్యలో లోహపు తీగ ఉన్న పాత కొవ్వొత్తి ఇంట్లో ఉంటే ఆ తీగను తెల్ల కాగితం మీద రుద్ది చూసి, పెన్సిల్ గీతలాంటి బూడిదరంగు మరక పడితే దాన్ని వెలిగించకండి.

సువాసన విషయంలో నేను కఠినంగానే చెబుతాను. నిమ్మ, నారింజ వాసనల్లో ఉండే లిమొనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువును పుట్టిస్తుంది. సోయాలో కలిపినా పారఫిన్‌లో కలిపినా దాని తీరు అదే. కనుక వాసన లేని పారఫిన్, ఘాటైన వాసన ఉన్న సోయా ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే నేను మొదటిదే తీసుకుంటాను. డబ్బు పెట్టగలిగితే రంగూ అత్తరూ కలపని తేనెమైనం అన్నిటికంటే మేలు, ఆ తరువాత వాసన లేని సోయా. ఉబ్బసం ఉన్నవారి గదికి మాత్రం మంటే లేని ఎల్‌ఈడీ దీపం సరైనది, దాని బటన్ బ్యాటరీ పిల్లల చేతికి అందకుండా చూసుకోవాలి.

ఏది వెలిగించినా నోటితో ఊది ఆర్పకండి, అప్పుడు లేచే తెల్లటి పొగలో కాలని మైనమే ఉంటుంది. ఒక పుల్లతో వత్తిని కరిగిన మైనంలో ముంచి, వెంటనే నిటారుగా నిలిపితే పొగ లేకుండా ఆరిపోతుంది, మరుసటి రోజు సులువుగా అంటుకుంటుంది కూడా.