మోడల్ 100కి ఏ అసెంబ్లర్: జడ్‌మ్యాకా, ఏఎస్సా?

1983లో వచ్చిన చిన్న పోర్టబుల్ కంప్యూటర్ టాండీ టీఆర్ఎస్-80 మోడల్ 100లో ఉన్నది 80సీ85, అంటే 8085 ప్రాసెసర్‌కి సీమాస్ రూపం. కాలేజీ ల్యాబ్‌లో 8085 కిట్ మీద హెక్స్ కొట్టినవాళ్లకు పాత చుట్టమే. కోడ్ పీసీలో రాసుకుని దానికి పంపేందుకు నేను రెండు అసెంబ్లర్లు (అసెంబ్లీ భాషను మెషిన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రాములు) వాడి చూశాను: జడ్‌మ్యాక్, ఏఎస్.

జడ్‌మ్యాక్‌తో పని తొందరగా అవుతుంది. ఒక్క కమాండ్ కొడితే బైనరీ, హెక్స్, లిస్టింగ్ అన్నీ జడౌట్ ఫోల్డర్‌లోకి వచ్చేస్తాయి. చిక్కల్లా, అది ప్రధానంగా జెడ్80 అనే వేరే ప్రాసెసర్‌కి అసెంబ్లర్. అలవాటు కొద్దీ ‘జేఆర్ ఎన్‌జెడ్’ (ఫలితం సున్నా కాకపోతే జంప్ చెయ్) అని జెడ్80 పద్ధతిలో రాశామా, మారు మాట్లాడకుండా 20హెచ్ అనే బైట్ పెట్టేస్తుంది. 8085కి 20హెచ్ అంటే రిమ్, ఇంటరప్ట్ మాస్కులను అక్యుములేటర్‌లోకి చదివే ఆదేశం! జంప్ జరగదు సరికదా, అక్యుములేటర్‌లో ఉన్నది పోతుంది, పక్క బైట్‌ను ఇంకో ఆదేశం అనుకుని నడిపేస్తుంది. ఇది కనిపెట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఏఎస్‌లో పైన ‘సీపీయూ 8085’ అని రాస్తే ఆ జేఆర్ లైన్ దగ్గరే ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. కాకపోతే ఇచ్చేది .పీ ఫైల్, బైనరీ కావాలంటే దాన్ని మార్చే పీ2బిన్ అనే ప్రోగ్రామ్ విడిగా నడపాలి. బ్యాచ్ ఫైల్ ఒకటి రాసుకుంటే సరి. నా ఓటు దీనికే.

ఏది వాడినా .సీఓ ఫైల్ (మోడల్ 100 నడిపే మెషిన్ కోడ్ ఫైల్) మొదట్లో 6 బైట్లు మరవకండి: లోడ్ అడ్రస్, పొడవు, ఎంట్రీ అడ్రస్.