మైకు భయానికి టోస్ట్‌మాస్టర్స్ పనిచేస్తుందా? నా రివ్యూ

ఇంతకుముందు ఒక పబ్లిక్ స్పీకింగ్ కోచింగ్‌కి డబ్బులు కట్టి వెళ్తే క్లాసంతా సారే మాట్లాడేవారు, మేం నోట్సు రాసుకునేవాళ్లం, మైకు మా చేతికొచ్చింది సర్టిఫికెట్లు ఇచ్చే రోజు ఫోటో కోసమే. టోస్ట్‌మాస్టర్స్‌లో అసలు సారే ఉండడు. నలుగురి ముందు మాట్లాడటం ప్రాక్టీస్ చేసుకోడానికి 1924లో కాలిఫోర్నియాలో మొదలైన సంస్థ ఇది, క్లబ్బుల్ని సభ్యులే నడుపుకుంటారు.

టేబుల్ టాపిక్స్ అని ఒక భాగం ఉంటుంది. అప్పటికప్పుడు ఏదో ప్రశ్న ఇస్తారు, లేచి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. మొదట్లో నాలుక పిడచకట్టుకుపోతుంది, నిజం. రాసుకుని వచ్చి ఇచ్చే మొదటి ప్రసంగం నాలుగు నుంచి ఆరు నిమిషాలు: నాలుగో నిమిషానికి ఆకుపచ్చ, అయిదుకి పసుపు, ఆరుకి ఎర్ర కార్డు లేస్తుంది. ('రెండే రెండు మాటలు' అని మైకు అందుకుని అరగంట వదలని మన సభల పెద్దలకి ఈ కార్డులు చూపించాలి!) ఇంకొకాయన పని మనం 'ఆ... ఊ... యాక్చువల్లీ' అని ఎన్నిసార్లు అన్నామో లెక్కపెట్టడం. చివర్లో ఆ లెక్క అందరి ముందూ చదువుతారు. సిగ్గేస్తుంది గానీ, ఆ తర్వాత మాట తట్టనప్పుడు ఊరికే ఒక్క క్షణం ఆగడం అలవాటవుతుంది, వినేవాళ్లకి అదే బాగుంటుంది కూడా.

అసలు విలువ మాత్రం ఎవాల్యుయేషన్‌లో ఉంది, అంటే మన ప్రసంగం అయ్యాక ఇంకో సభ్యుడు లేచి ఏది బాగుందో, ఏది మార్చుకోవాలో చెప్పడం. మా క్లబ్బులో ఒకాయన బైక్ మానేసి మెట్రో ఎక్కడం గురించి మాట్లాడుతూ ట్రాఫిక్, కాలుష్యం అంటూ మూడు నిమిషాలు గడిపేశాడు, అందరి చూపులూ ఫోన్లలోనే. 'మా ఆవిడ బైక్ తాళం దాచేసింది' అనగానే తలలన్నీ లేచాయి. ఎవాల్యుయేటర్ చెప్పింది ఒకటే, తాళంతోనే మొదలుపెట్టండి, కాలుష్యం సంగతి మాకు తెలుసు అని. ఈ ముక్క ఏ కోచింగ్ నోట్సులోనూ నాకు దొరకలేదు.

నచ్చనివీ ఉన్నాయి. మా దగ్గర మాట్లాడేదంతా ఇంగ్లిషే, పెళ్లిలోనో ఊళ్లో సభలోనో తెలుగులో మాట్లాడాల్సినవాళ్లకి అది సగమే పనికొస్తుంది. కొందరు ఎవాల్యుయేటర్లైతే మరీ మొహమాటపడి పొగిడి వదిలేస్తారు. ఫీజు ఆరు నెలలకోసారి, డాలర్ లెక్కన. నాలుగు స్టార్లు. చేరేముందు రెండు మూడు క్లబ్బులకి గెస్ట్‌గా వెళ్లి చూడండి, తప్పులు మొహం మీదే చెప్పేవాళ్లు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ కట్టండి డబ్బులు.