గేమింగ్ రౌటర్ కొనబోతున్నారా? ముందు మీ వ్యాన్ ఐపీ చూసుకోండి

స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడటం కోసం కొత్త రౌటర్ కొనాలనుకునేవాళ్లు ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. వ్యాన్ ఐపీ అంటే బయటి నెట్ వైపు మీ రౌటర్‌కి ఉండే అడ్రస్. నాకు 8,500 రూపాయలు పోయాయి. మీకు పోకూడదు.

నేను విజయవాడలో ఉంటాను, నా స్నేహితుడు ఖమ్మంలో. ఇద్దరం మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడతాం. మా ఇంట్లో కంప్యూటర్‌లో సర్వర్ పెడితే వాడు అందులోకి రావాలి, అంతే. పాత రౌటర్‌లో 25565 పోర్టు ఫార్వర్డ్ చేశాను (అంటే ఆ సర్వర్ కోసం బయటి నుంచి వచ్చేవాళ్లని నా కంప్యూటర్‌కి పంపమని రౌటర్‌కి చెప్పాను), విండోస్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఇచ్చాను. అయినా వాడికి కనెక్షన్ టైమ్ అవుట్ అనే వచ్చేది. షాపులో అడిగితే "పాత రౌటర్ వల్లే సార్, ఈ గేమింగ్ రౌటర్ పెట్టండి, ఓపెన్ నాట్ గ్యారంటీ" అన్నారు, అంటే బయటివాళ్లు మన ఆటలోకి అడ్డులేకుండా రాగలరని. వాట్సాప్‌లో కూడా అదే మాట రాసి పంపారు. నమ్మి కొన్నాను.

కొత్తదాంట్లోనూ అదే వరస. షాపుకి ఫోన్ చేస్తే కంప్యూటర్‌ని డీఎంజెడ్‌లో (బయటి నుంచి వచ్చేవన్నీ ఆ కంప్యూటర్‌కే పంపే రౌటర్ సెట్టింగ్) పెట్టి, ఫైర్‌వాల్ ఆపేయమన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఆ సెట్టింగ్ అలాగే మర్చిపోయి రేపు పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగల సొంత అడ్రస్) తీసుకున్నారంటే మీ కంప్యూటర్ తలుపులు బార్లా తెరిచి ఊరి మీద వదిలినట్టే.

అసలు సంగతి నాకు రౌటర్ స్టేటస్ పేజీ చూశాక అర్థమైంది. అక్కడ వ్యాన్ ఐపీ 100.7x అని మొదలైంది. బయట "నా ఐపీ ఏంటి" అని చూపించే సైట్‌లో ఇంకో నంబరు ఉంది. రెండూ వేరువేరుగా ఉండి, వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు సీజీనాట్ (ఒకే పబ్లిక్ అడ్రస్‌ని నెట్ కంపెనీ చాలా ఇళ్లకి పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టు. ఐపీవీ4 (పాత రకం ఐపీ) అడ్రస్‌లు మొత్తం సుమారు 430 కోట్లే. పంచడానికి మిగిలిన చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. అందుకే చాలా నెట్ కంపెనీలు ఒక్క పబ్లిక్ అడ్రస్ వెనక ఎన్నో ఇళ్లను పెడుతున్నాయి. అపార్ట్‌మెంట్ గేటు లాంటిదే అనుకోండి. మనం తెప్పించుకున్న పార్సిల్ అయితే ఏ ఫ్లాట్‌దో వాచ్‌మన్‌కి తెలుసు, పైకి పంపుతాడు. అందుకే యూట్యూబ్, బ్రౌజింగ్ అన్నీ బాగానే నడుస్తాయి. బయటి నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి మాత్రం గేటు దగ్గరే ఆపేస్తాడు. నేను 8,500 పెట్టి మార్చింది నా ఫ్లాట్ తలుపు. గేటు కంపెనీ చేతిలో ఉంది.

వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే మాత్రం కథ వేరు. ఫైబర్ బాక్స్ కూడా రౌటర్‌లా పనిచేస్తోందన్నమాట. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా మీ రౌటర్‌కి అందించేలా) పెట్టమని నెట్ వాళ్లని అడగండి. అది పెట్టాక వ్యాన్ ఐపీ మళ్లీ చూసుకోండి, దాని వెనక సీజీనాట్ కూడా ఉండొచ్చు.

రౌటర్ చెడ్డదని నేను అనడం లేదు. బెడ్‌రూమ్‌లో వైఫై ఇదివరకటి కంటే బాగానే వస్తోంది. కానీ ఏ కంపెనీ రౌటరైనా, ఎంత ఖరీదుదైనా సీజీనాట్‌ని దాటించలేదు. దానికి నెట్ వాళ్ల దగ్గర పబ్లిక్ ఐపీ తీసుకోవాలి, ఇస్తే. మేమైతే ఇద్దరి కంప్యూటర్లలో టెయిల్‌స్కేల్ (దూరంగా ఉన్న కంప్యూటర్లని ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలిపే యాప్) వేసుకున్నాం. సొంత వాడకానికి ఉచితం. పది నిమిషాల్లో వాడు నా సర్వర్‌లోకి వచ్చేశాడు. అది ఇచ్చే అడ్రస్ కూడా 100తోనే మొదలవుతుంది, దాన్ని చూసి కంగారు పడకండి. వ్యాన్ ఐపీ ఎప్పుడూ రౌటర్ పేజీలోనే చూడండి.

షాపువాళ్లు రౌటర్ వాపసు తీసుకోం అన్నారు, బాక్స్ తెరిచానట. తెరవకుండా పనిచేస్తుందో లేదో నాకెలా తెలుస్తుంది? బిల్లు, ఆ వాట్సాప్ మెసేజ్ దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇంకా ఏమీ తేలలేదు. ఎవరైనా "ఓపెన్ నాట్ గ్యారంటీ" అని అమ్ముతుంటే ఆ ముక్క బిల్లు మీదే రాయమనండి. రాయనంటే అక్కడ కొనకండి.